కోరం లేని కాలనీ

జ్ఞానప్రసూనకు జన్మలో పడని మాట ఒకటుంది. అది ‘ఉప’. తెనాలి హైస్కూల్లో ఆమె స్కూలు లీడరు కావలసింది, అసిస్టెంటు లీడరయింది. ఇంజినీరింగు కాలేజీలో సాంస్కృతిక సంఘానికి ఉపకార్యదర్శి. అమెరికా వచ్చి టెక్సస్‌లోని ప్లేనోలో స్థిరపడ్డాక తెలుగు సంఘంలో సహ కార్యదర్శి. ఆ పదవిలో ఉన్నవాళ్లు చేసే పని స్టేజి వెనక నిలబడి, డాన్సు చేసే పిల్లల నగలు జారిపోకుండా పిన్నులు పెట్టడం. ఆఫీసులో మేనేజరు మానేసి వెళ్లిపోతే, ‘యాక్టింగ్ మేనేజర్’ అని పేరు పెట్టి ఏడాదిపాటు ఆయన చాకిరీ అంతా ఆమెచేత చేయించుకున్నారు. తర్వాత బయటినుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, “జీనా, ఇతనికి పని కాస్త నేర్పించు” అన్నారు. ఆఫీసులో ఆమె పేరు జీనా. జ్ఞానప్రసూన అని పూర్తిగా పలికే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

ఆ కుర్రాడికి పని నేర్పడం పూర్తయిన వారమే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఈసారి దేనికైనా సరే, ముందు ఏ తోకా లేని పదవి సంపాదించాలి. చేతికి అందేంత దగ్గరలో కనిపించిన పదవి ఒక్కటే: తాము ఉంటున్న కాలనీకి హెచ్ఓఏ ప్రెసిడెంటు. అంటే ఇళ్ల యజమానుల సంఘానికి అధ్యక్షురాలు.

కాలనీ అంతా ఒకే అచ్చులో పోసినట్టున్న ఇటుక ఇళ్లు. మధ్యలో ఒక చిన్న చెరువు, అందులో ఒక ఫౌంటెన్. ఆ ఫౌంటెన్ నీళ్లు చిమ్మడం మానేసి ఏళ్లయింది. ఇప్పుడు దానిమీద తాబేళ్లు ఎండకు కూచుంటాయి. సంఘానికి అధ్యక్షుడు బర్ట్ డూలీ అనే పెద్దాయన. భార్య పోయి, ఉద్యోగం నుంచి రిటైరై, చెరువుకు అవతలి ఒడ్డున ఒక్కడే ఉంటాడు. ప్రసూన వాళ్లు ఇల్లు కొనకముందు నుంచీ ఆయనే అధ్యక్షుడు. అలాగని ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, ఇళ్లు కట్టిన కంపెనీవాళ్లే మొదట నియమించారు. ఎన్నిక జరగాలంటే ఇళ్లవాళ్లలో కనీసం నాలుగోవంతు మంది సమావేశానికి రావాలి. దాన్ని కోరం అంటారు. ఏ ఏడూ కోరం కుదరలేదు. కుదరకపోతే పాతవాళ్లే కొనసాగాలని నిబంధన. కాబట్టి డూలీ కొనసాగుతూ వచ్చాడు.

ప్రసూన ఈ సంగతి మొదట చెప్పింది ఉషకే. ఉష వాళ్లిల్లు నాలుగిళ్ల అవతల. ఇద్దరూ పెళ్లయిన కొత్తలో దగ్గర్లోని ఇర్వింగ్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో పైనా కిందా ఉండేవాళ్లు. ఇళ్లు కొనేటప్పుడు కూడా ఒకే కాలనీ చూసుకున్నారు. ఉషది వరంగల్. ప్రీస్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. రోజూ సాయంత్రం తన కుక్క బూందీని తీసుకుని వస్తే ఇద్దరూ కలిసి చెరువు చుట్టూ నడుస్తారు.

“ఉషా, నేను ఈసారి ప్రెసిడెంట్‌గా కంటెస్ట్ చేస్తున్నానే.”

“అవునా! మస్తుంటది. నువ్వేం ఫికర్ చెయ్యకు. మొత్తం నేను చూస్కుంట.”

ప్రసూన గుండెల్లో రాయి పడింది. ఉష ‘చూస్కుంట’ అన్న పనులు ఎలా అవుతాయో ఆమెకు అనుభవమే. ఒకసారి ప్రసూన అత్తగారిని ఎయిర్‌పోర్టు నుంచి తెస్తానని వెళ్లింది. అక్కడ కొడుకు ఎంతకీ రాక కంగారుపడుతున్న మరో పెద్దావిడ కనబడితే, దారిపొడుగునా ఇద్దరికీ ఊరు చూపిస్తూ ఆమెను గంట దూరంలోని ఫోర్ట్‌వర్త్‌లో దింపి, చీకటిపడ్డాక అత్తగారిని ఇంటికి చేర్చింది. అప్పటికి ఇక్కడ ప్రసూన పోలీసులకు ఫోన్ చేయబోతోంది. అత్తగారు మాత్రం ఇప్పటికీ ఇండియా నుంచి ఫోన్ చేస్తే ముందు ఉష క్షేమం అడిగి, ఆ తర్వాతే కోడలి సంగతి అడుగుతుంది.

సెప్టెంబరులో సమావేశం. క్లబ్‌హౌస్‌లో ఏర్పాటు చేశారు. జనం రావాలంటే ఏదో ఒకటి పెట్టాలని ప్రసూన ఇండియన్ స్టోర్ నుంచి రెండు పెద్ద ట్రేల సమోసాలు తెప్పించింది. పట్టుచీర కట్టుకుంటే మరీ ఎక్కువవుతుందని కాటన్ చీర కట్టుకుంది. ఫౌంటెన్ బాగుచేయిస్తానన్న ఉపన్యాసాన్ని అద్దం ముందు నిలబడి బట్టీపట్టింది. తీరా చూస్తే వచ్చినవాళ్లు గదిలో సగం కుర్చీలు కూడా నింపలేదు. వాళ్లూ సమోసాలు తిని, పిల్లలకు రెండు కట్టించుకుని, చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. డూలీ కళ్లజోడు పెట్టుకుని, ఏటా చదివే వాక్యాన్నే మళ్లీ చదివాడు: “కోరం లేనందున ఎన్నిక వాయిదా పడినది.”

ఇదివరకైతే అంతటితో అయిపోయేది. ప్రసూన లేచి, నవంబరులో మళ్లీ సమావేశం పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. డూలీ ఆమెవంక వింతగా చూసి, సరేనన్నాడు.

“ఇంటింటికీ తిరగాలి. వేరే దారి లేదు,” అంది ఆ రాత్రి భోజనాల దగ్గర.

ఆమె భర్త ఆంజనేయప్రసాద్ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తియ్యకుండానే “మంచిది” అన్నాడు. ఆయన డేటాబేస్ అడ్మినిస్ట్రేటరు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఆయన సర్వరు ఒకటి ఎప్పుడూ పడిపోతూ ఉంటుంది.

పదో తరగతి చదివే కూతురు అవని మాత్రం నిజం చెప్పింది. “అమ్మా, ఆ ఫౌంటెన్ గురించి ఎవ్వరూ కేర్ చెయ్యరు. లిటరల్లీ ఎవ్వరూ.”

అక్టోబరంతా ప్రచారం. ప్రసూన టాబ్లెట్‌లో ‘ఫౌంటెన్: నిన్న, నేడు, రేపు’ అని స్లైడ్లు తయారుచేసుకుంది. ఒక్కో ఇంటికి అయిదు నిమిషాలు చాలనుకుంది. పక్కన ఉష లేకపోతే అది సాధ్యమయ్యేదేమో. తలుపు తెరుచుకోగానే ప్రసూన “గుడ్ ఈవినింగ్” అని టాబ్లెట్ పైకెత్తేది. ఈలోగా ఉష లోపలికి వెళ్లి, వాళ్లబ్బాయి మోకాలి దెబ్బ మానిందా అని అడుగుతూ సోఫాలో కూచునేది. ఒక ఇంట్లో వాళ్ల పాపకు జడ వేసింది. ఇంకో ఇంట్లో బూందీకి ఏం తిండి పెడుతోందో గంటసేపు చెప్పింది. మరో ఇంట్లో భార్యాభర్తలు వంటగది గోడకు ఏ రంగు వెయ్యాలని పోట్లాడుకుంటుంటే మధ్యవర్తిత్వం చేసింది. వాళ్లు రంగు తేల్చుకునేసరికి ప్రసూన టాబ్లెట్‌లో చార్జింగ్ అయిపోయింది. సాయంత్రానికి రెండిళ్లయితే గొప్ప.

“నేనూ ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాను. వీళ్లందరూ నీకెలా తెలుసే?” అని విసుక్కుంది ప్రసూన.

“కుక్కను తిప్పుత గదా. కలుస్తరు, మాట్లాడ్త. నీకెవ్వరు తెల్వరా?”

ప్రసూనకు తెలిసినవి ఇంటి నెంబర్లు. ఎవరి లాన్ ఎండిపోయింది, ఎవరు చెత్తబుట్ట లోపల పెట్టరు, ఆ వివరాలు కావాలంటే నోటికి చెప్పగలదు.

ఒకరోజు చెరువు అవతలి ఒడ్డుకు వచ్చారు. డూలీ ఇంటిముందు ఉష ఆగింది.

“ఆయనింటికి ఎందుకే? నా మీద పోటీ చేసే మనిషి!”

“అందరిండ్లకు పోయి ఆయన ఒక్కనింటికి పోకుంటే మంచిగనిపియ్యదే. పాపం, ఏమనుకుంటడు? నువ్వు బూందీని పట్టుకో, నేను రెండు నిమిషాల్ల వస్త.”

ప్రసూన కుక్కతోపాటు రోడ్డుమీద నిలబడింది. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ కుక్కను చూసి నవ్వి, పేరుపెట్టి పలకరించి పోతున్నారు. ఆమెను పలకరించినవాళ్లు లేరు. చాలాసేపటికి ఉష సంచినిండా అక్రోటుల్లాంటి పీకాన్ కాయలు పట్టుకుని బయటికొచ్చింది.

“ఇంతసేపు ఏం మాట్లాడావే?”

“ఏం లేదు. పీకాన్‌లు చెయ్యి నొవ్వకుండ ఎట్ల ఒలవాలెనో చూపెట్టిండు,” అని ఉష అటువైపు తిరిగి బూందీ మెడపట్టీ సర్దసాగింది. ఆ సర్దడం అవసరానికి మించి సాగింది. ప్రసూన ఆ సంగతి గమనించలేదు.

నవంబరు సమావేశం నాడు క్లబ్‌హౌస్ నిండిపోయింది. ఉష నెలరోజులుగా కనబడినవాళ్లందరికీ చెప్పి పెట్టింది. పులిహోర తన చేత్తో కలిపి తెచ్చింది. కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. కోరం కుదిరింది. డూలీ ఆ మాట ప్రకటించడానికి లేచి, చదవడానికి కొత్త వాక్యం ఏదీ దొరక్క, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

నిబంధన ప్రకారం అభ్యర్థి పేరు ఇంకొకరు ప్రతిపాదించాలి. అది ఉష పని. ఏం చెప్పాలో ప్రసూన కాగితం మీద రాసిచ్చింది. ఉష ఆ కాగితాన్ని పులిహోర గిన్నె కింద పెట్టి మరిచిపోయి, సొంతంగా మాట్లాడింది. ప్రసూన చాలా మంచిదనీ, చూడ్డానికి స్ట్రిక్ట్‌గా కనిపిస్తుంది కానీ భయపడాల్సిందేమీ లేదనీ, దగ్గరికెళ్తే అలవాటవుతుందనీ ఇంగ్లీషులో చెప్పింది. జనం నవ్వారు. ప్రసూన పళ్లు బిగించి తానూ నవ్వింది.

“ఇక నా పేరు,” అన్నాడు డూలీ. “ఎవరైనా ప్రతిపాదిస్తారా?”

ఎవరూ కదల్లేదు. ప్రసూన వెనక్కి తిరిగి వరసలన్నీ చూసింది. ఎవరూ లేవకపోతే పోటీయే ఉండదు. వెనకవైపు ఒక చెయ్యి మెల్లగా పైకి లేచింది. ఆ చేతికి ఎరుపూ ఆకుపచ్చా గాజులు ఉన్నాయి. అవి ప్రసూన పోయినసారి ఇండియా వెళ్లినప్పుడు కొనితెచ్చి ఇచ్చిన గాజులే.

జనం ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఉష తల దించుకుంది.

ప్రసూన ఉపన్యాసం బాగానే సాగింది. ఫౌంటెన్ నిన్న, ఫౌంటెన్ నేడు అయ్యాయి, ‘రేపు’ దగ్గర ముందువరసలో ఒకాయన ఆవలించాడు. డూలీ మాత్రం రెండు ముక్కలే మాట్లాడాడు. “ఇన్నేళ్లూ ఈ గదిలో ఖాళీ కుర్చీలకే మినిట్స్ చదివి వినిపించాను. మీరంతా నిజంగానే ఉన్నారన్నమాట. వచ్చినందుకు థాంక్స్.” చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఇంటి పత్రాల్లో పేరున్న ప్రతివాళ్లకూ ఒక్కో ఓటు. చీటీలు వేశారు, లెక్కపెట్టారు. ప్రసూన ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఆంజనేయప్రసాద్ లోపలికొచ్చాడు. “సారీ, ప్రొడక్షన్ కాల్ వచ్చింది. కార్‌లో కూచుని మాట్లాడుతున్నా. అయిపోయిందా? ఎవరు గెలిచారు?”

ప్రసూన ఆయన్ని దాటుకుని వెళ్లింది. ఖాళీ గిన్నెలు సర్దుతున్న ఉషను పార్కింగ్ లాట్‌లోకి లాక్కెళ్లింది.

“ఆయన్ని నువ్వెందుకు ప్రపోజ్ చేశావే?”

“ఆయన అడిగిండే. ఆ దినం ఇంటికి పోయినప్పుడు. నా పేరు ఇంకెవ్వరు చెప్పరు, నువ్వు చెప్తవా అన్నడు. నేను ఏమనాలె? చేతిల పీకాన్‌లు గూడ పెట్టిండు.”

“సరే, ఓటు? ఓటెవరికి వేశావు?”

ఉష భుజాన ఉన్న పర్సును చంకకు నొక్కుకుంది.

“ఉషా!”

“ఎవ్వరికి ఎయ్యలే.”

“ఏంటీ?”

“ఇద్దరి పేర్లు నేనే చెప్పిన గదా. నీకేస్తే ఆయనకు ఎట్ల మొకం చూపెట్టాలె? ఆయనకేస్తే నీకెట్ల చూపెట్టాలె? అందుకని చీటీ మడిచి పర్సులనే పెట్టుకున్న.”

“ఇప్పుడు నాకు చూపించగలవా మొహం?” అని అరిచింది ప్రసూన. కార్లెక్కుతున్నవాళ్లు తిరిగి చూశారు. “నీకు అందరూ కావాలి. పులిహోర తిన్న ప్రతివాడూ నీకు చుట్టమే. నేనొక్కదాన్నే పరాయిదాన్ని. ఇక నా ఇంటి గడప తొక్కకు!”

అలా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

సాయంత్రాలు బూందీ పాత అలవాటుకొద్దీ ప్రసూన ఇంటిముందుకొచ్చి ఆగేది. ఉష దాన్ని లాక్కెళ్లేది. ప్రసూన కిటికీ తెర వెనకనుంచి చూసి, తెర మూసేది. ఉష సకినాలు చేసి అవనిచేత డబ్బా పంపింది. ప్రసూన దాన్ని ముట్టుకోలేదు. ఆంజనేయప్రసాద్ కాల్స్ మధ్యలో ఒక్కొక్కటే తిని ఖాళీచేశాడు. నడక మానేసినందువల్ల ప్రసూన బరువు పెరిగింది. దానికీ ఉషనే తిట్టుకుంది.

ఒకరోజు అవని అడిగింది. “అమ్మా, నాన్న కూడా ఓటు వెయ్యలేదు కదా? ఆయన వేస్తే టై అయ్యేది. ఆంటీ కూడా వేస్తే గెలిచేదానివి. మరి నాన్నతో మాట్లాడుతున్నావు, ఉషా ఆంటీతో ఎందుకు మాట్లాడవు?”

ప్రసూన ఆలోచించింది. నిజమే. భర్త ఓటు వెయ్యలేదన్న కోపం తనకు రానేలేదు. ఇరవయ్యేళ్లలో ఆయన సమయానికి ఎక్కడ ఉన్నాడు గనక? ఆయన లేకపోవడం ఆమెకు అలవాటైపోయింది. ఉష అలా కాదు. అవని పుట్టినప్పుడు ఆస్పత్రిలో పక్కన నిలబడింది ఉషే. ఆంజనేయప్రసాద్ అప్పుడు కారిడార్‌లో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఉష ఒక ఓటు వెయ్యకపోవడమే ప్రసూన తట్టుకోలేకపోయింది.

అయినా కూతురు చెప్పిన న్యాయం కూడా పాటించాలని ఆ రోజు నుంచి భర్తతోనూ మాట్లాడటం మానేసింది. రెండురోజులపాటు ఆయన ఆ సంగతి గమనించలేదు. మూడోనాడు కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆమే అడిగేసి, నాలిక కరుచుకుంది.

క్రిస్మస్ దాటాక డూలీ ఆమె ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, తాను ఇల్లు అమ్మేశాననీ, ఓక్లహోమాలో ఉన్న కూతురికి కవలలు పుట్టారు గనక అక్కడికే వెళ్లిపోతున్నాననీ చెప్పాడు. మిగిలిన బోర్డు సభ్యులిద్దరితో మాట్లాడాననీ, ఖాళీ అయిన పదవిలో ఆమెనే నియమిస్తారనీ అన్నాడు.

“వెళ్లిపోతానని మీకు ఎన్నికప్పుడే తెలుసా?” అంది ప్రసూన నివ్వెరపోయి.

“తెలుసు.”

“మరెందుకు పోటీ చేశారు?”

డూలీ టోపీని చేతుల్లో తిప్పాడు. “ఇన్నేళ్లు ప్రెసిడెంటుగా ఉన్నాను. అప్పటిదాకా ఒక్కసారి కూడా నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. వెళ్లేలోగా ఒక్కసారైనా గెలవాలనిపించింది. మీకిది పిచ్చిగా అనిపించవచ్చు.”

ప్రసూనకు పిచ్చిగా అనిపించలేదు. ఆ కోరిక ఎంత గట్టిదో, రాత్రులు ఎలా నిద్ర పట్టనివ్వదో కాలనీ మొత్తంలో ఆమెకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. ఆయనమీద కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. అది ఇంకా చికాకు పెట్టింది.

“ఉషకి ఇదంతా ముందే చెప్పారా?” అని ఆశగా అడిగింది. తెలిసే అలా చేసిందంటే క్షమించడానికి ఒక దారి ఉంటుంది.

“ఉషకా?” డూలీ కంగారుగా చేతులూపాడు. “ఆమెకు చెబితే కాలనీకంతా చెప్పినట్టే కదా!”

ఆ దారి కూడా మూసుకుపోయింది.

అలా జ్ఞానప్రసూన అధ్యక్షురాలయింది. ఈమెయిల్‌లో వచ్చిన నియామక పత్రంలో ‘ఇంటెరిమ్ ప్రెసిడెంట్’, అంటే తాత్కాలిక అధ్యక్షురాలు, అని రాసిపంపారు. ఆమె ఆ మాటను చాలాసేపు చూసి ఫోన్ బోర్లా పెట్టింది. పదవితోపాటు ఫోన్లు మొదలయ్యాయి. పక్కింటివాళ్ల కుక్క మొరుగుతోందని ఒకరు, బాతులు స్విమ్మింగ్ పూల్‌లో దిగాయని ఒకరు, తన లాన్‌లో రాలిన ఆకులు తన చెట్టువి కావని ఒకరు. ఫౌంటెన్ బాగుచేసే కంపెనీవాడు వస్తానన్నాడు, రాలేదు. మళ్లీ వస్తానన్నాడు, మళ్లీ రాలేదు. ఎవరూ ఆమె ఈమెయిల్స్‌కి జవాబివ్వలేదు. అందరికీ ఆమెతో పనుంది కానీ ఆమె పనికి ఎవరూ లేరు.

ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టింది. ఒకరోజు పొద్దున్నే ఎవరో ఫోన్ చేసి, క్లబ్‌హౌస్ తలుపు కిందినుంచి నీళ్లు వస్తున్నాయని చెప్పి పెట్టేశారు. ప్రసూన జర్కిన్ వేసుకుని పరిగెత్తింది. పైపు పగిలింది. లోపలినుంచి నీళ్లు రోడ్డుమీదికి పారి, పారినవి పారినట్టే గడ్డకడుతున్నాయి. ప్లంబర్లకు ఫోన్ చేస్తే ఊరంతా పైపులు పగిలాయి, రెండురోజులు పడుతుందన్నారు. సిటీవాళ్ల నెంబరు సంగీతం వినిపిస్తూ కూర్చుంది. కాలనీవాళ్లందరికీ ‘అర్జెంట్’ అని మెయిల్ పంపింది. ఒకే ఒక్క జవాబు వచ్చింది: “దయచేసి ఈ లిస్టులోంచి నా పేరు తీసెయ్యండి.” మొగుడికి ఫోన్ చేసింది. “ప్రసూనా, ప్రొడక్షన్ డౌన్. పది నిమిషాల్లో చేస్తా,” అన్నాడు.

నీళ్లు ఆపే వాల్వ్ ఎక్కడుందో తెలిసినవాడు డూలీ ఒక్కడే. ఆయనకు ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్‌కి పోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

ఇంకేం చెయ్యాలో తోచక, రోడ్డుమీద జారకుండా చేతులు చాచి నడుచుకుంటూ ఉష ఇంటికి వెళ్లి, బెల్ కొట్టింది.

ఉష తలుపు తీసి, నిన్ననే కలిసి విడిపోయినట్టు మాట్లాడింది. “అరే, వచ్చినవా! చలి చంపుతున్నది. దా, చాయ్ పెడ్త.”

“చాయ్ లేదు, గీయ్ లేదు. క్లబ్‌హౌస్ పైపు పగిలింది. ఆ డూలీ ఫోన్ ఎత్తడం లేదు. నీకేమన్నా ఎత్తుతాడేమో చూడు.”

ఉష అప్పటికప్పుడు చెప్పులు మార్చుకుని, బూట్లేసుకుని బయల్దేరింది. క్లబ్‌హౌస్ ముందు నిలబడి వీడియో కాల్ చేసింది. రెండో రింగుకే డూలీ మొహం కనబడింది. ఆయన భుజంమీద ఒక పసిపాప ఉంది.

“అయ్యో, ఎంత ముద్దొస్తున్నదో! రెండో పాపేది? నిద్రపోతున్నదా? రాత్రిపూట లేస్తున్నారా?” అని ఉష ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

“వాల్వ్ అడగవే!” అంది ప్రసూన.

“ఒక్క నిమిషం ఆగు, పాపం ఆయన చూపెడుతున్నడు గదా.”

డూలీ రెండో పాపను చూపించాడు. పాపకు ఎక్కిళ్లు వస్తున్నాయన్నాడు. ఉష ఏం చెయ్యాలో చెప్పింది. నీళ్లు ప్రసూన బూట్లలోకి దిగాయి.

“వాల్వ్!” అని ప్రసూన పెట్టిన కేకకు అక్కడ ఓక్లహోమాలో పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఎక్కిళ్లు మాత్రం ఆగిపోయాయట. డూలీ ఆమెకు థాంక్స్ చెప్పి, వాల్వ్ క్లబ్‌హౌస్ వెనక పూలమడిలో, చదరపు మూత కింద ఉందన్నాడు.

మూతమీద మంచు రాయిలా బిగుసుకుపోయింది. ఉష ఇంటికెళ్లి, సుత్తి కనబడక, అల్లం దంచే ఇనప రోకలి తెచ్చింది. ఇద్దరూ మోకాళ్లమీద కూచుని మార్చిమార్చి కొట్టారు. మూత ఊడింది. లోపలి వాల్వ్ పిడిని ఇద్దరూ పట్టుకుని తిప్పారు. అది కదలలేదు. “అటు కాదే, ఇటు,” “ఇటే తిప్పుతున్న, నువ్వే అటు గుంజుతున్నవ్,” అనుకుంటూ ఒకళ్లకొకళ్లు ఎదురుగా లాగుతున్నారని తెలుసుకోవడానికి కొంతసేపు పట్టింది. చివరికి కిర్రుమని తిరిగింది. ఆ ఊపుకి ప్రసూన వెనక్కి జారి నీళ్లలో కూలబడింది.

ఉష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

“నవ్వు! బాగా నవ్వు!” అంది ప్రసూన. లేవబోయి మళ్లీ జారింది. ఇక లేవడం మానేసి, అలాగే కూర్చుని, మూడునెలలుగా దాచిందంతా కక్కేసింది. “నేనేం అడిగానే నిన్ను? ఒక్క చీటీ. ఎప్పుడూ ఎవరిదగ్గరా ఏమీ అడగను నేను. నిన్నొక్కదాన్నే అడిగాను. పర్సులో దాచుకున్నావా? సిగ్గులేదూ?”

ఉష నవ్వు ఆగిపోయింది. పూలమడి గట్టుమీద కూచుంది.

“నువ్వు గెలుస్తవనుకున్ననే. గంతమందిని పిల్చుకొచ్చిన గదా, నా ఒక్క చీటీతోని ఏమైతది అనుకున్న. తప్పే. ఆ దినం రాత్రి అన్నం తినలే నేను.” బూటుకంటిన మంచు దులుపుకుంటూ మళ్లీ అంది. “నాకు ఎవరన్న అడిగితే లేదని చెప్పరాదే ప్రసూనా. ఇర్వింగ్‌ల నువ్వు కారు నేర్పమన్నవ్, యాదికున్నదా? అప్పుడు గూడ లేదనలేకపోయిన. నాకే రాకపాయె.”

ప్రసూన తలెత్తింది. “ఏం రాదు?”

“డ్రైవింగ్. నాకు లైసెన్సే లేకుండె. రోజు పొద్దుగాల మా ఆయన రవితోని నేర్చుకునుడు, సాయంత్రం నీకు చెప్పుడు.”

ప్రసూనకు ఆ రోజులు కళ్లముందు తిరిగాయి. స్టోర్ల వెనక ఖాళీ పార్కింగ్ లాట్, పక్కసీట్లో ధీమాగా కూచుని “ఏం గాదు, పోనియ్” అంటున్న ఉష, ఒకరోజు హైవే మీదికి కూడా ఎక్కించిన ఉష. “హైవే ఎక్కించావు కదే!”

“నేను గూడ అదే మొదటిసారి ఎక్కుడు. నువ్వే మంచిగ నడిపినవ్. నాకు బుగులైంది గని చెప్పలే.”

ప్రసూన తిట్టబోయింది. నోరు తెరిస్తే నవ్వు వచ్చేలా ఉంది. అది ఉషకు కనబడకూడదని మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి మాత్రం చాచింది. ఉష ఆ చెయ్యి పట్టుకుని పైకి లేపబోయి, తనూ జారి పక్కన పడింది.

ఉష పెట్టిన మెసేజికి కాసేపట్లో జనం వచ్చారు. మాపులు, బకెట్లు, ఉప్పు సంచులు తెచ్చారు. ఇన్నాళ్లూ ప్రసూన మెయిల్స్‌కి జవాబివ్వనివాళ్లే తమంతట తాము క్లబ్‌హౌస్ కడిగేశారు. వెళ్తూ వెళ్తూ అందరూ ఉషకు థాంక్స్ చెప్పారు. ప్రసూన తడిసిన చీపురు పట్టుకుని నిలబడి చూసింది. ఒక్కడైనా తనవైపు తిరుగుతాడేమోనని చూసింది. ఒకాయన తిరిగాడు. బాతుల సంగతి ఏమైందని అడిగాడు.

మధ్యాహ్నం ప్రసూన ఉష వంటింట్లో, ఉష మొగుడు రవికుమార్‌వి ఉన్ని మేజోళ్లు తొడుక్కుని చాయ్ తాగుతూ కూర్చుంది. చాయ్‌లో చక్కెర ఎక్కువైంది. ఆ మాట పైకి అంది. ఉష ఏమీ అనుకోలేదు.

“ఎల్లుండికి ఈ ఐస్ కరుగుతదట. వాకింగ్‌కు వస్తవా?” అంది ఉష.

“రాను.”

ఉష సింకువైపు తిరిగింది. గిన్నెలు కడుగుతూ నిలబడింది. ప్రసూన కప్పు అడుగున మిగిలిన చాయ్‌ని కాసేపు తిప్పుతూ కూర్చుంది.

“ఎన్నింటికి?” అంది చివరికి.

“ఆరింటికి.”

ఐస్ కరిగిన ఆ రోజు ఉష ఏడింటికి వచ్చింది. దారిలో ఎవరో కలిశారట. ప్రసూన అప్పటిదాకా షూస్ వేసుకుని, తిట్టాల్సిన మాటలు వరసగా పేర్చుకుంటూ, డ్రైవ్‌వే మీదే నిలబడి ఉంది.